తకేషి కితానోని టీవీ పెంచిందా, ముంచిందా?

పోగో_బ్యాచ్:
2000ల మధ్యలో పోగో చానెల్ చూసినవాళ్లకి తకేషీస్ క్యాజిల్ అనే ఆటల పోటీ షో గురించి చెప్పక్కర్లేదు. జావేద్ జాఫ్రీ హిందీ కామెంటరీ, రాళ్ల మీద దూకబోయి బురదలో పడే జనం. హిందీ సగమే అర్థమైనా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్లం. అది జపాన్‌లో 1986 నుంచి 1990 దాకా టీబీఎస్ అనే చానెల్లో వచ్చిన షో అనీ, కోటలో దొర వేషంలో కూర్చున్న తకేషి కితానోయే 1997లో ‘హనా-బి’ సినిమాకి వెనిస్‌లో గోల్డెన్ లయన్ తీసుకున్న దర్శకుడనీ నాకు ఈమధ్యే తెలిసింది. దీని మీద మా తమ్ముడికీ నాకూ గొడవ. టీవీ ఆయన టైమంతా తినేసిందంటాడు వాడు. టీవీ లేకపోతే ఆ సినిమాలే లేవంటాను నేను. మీరేమంటారు?

నిశాపతి:
మీ తమ్ముడిదే కరెక్టు. 1983లో జపాన్ దర్శకుడు ఓషిమా తీసిన ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’లో తకేషి సార్జెంట్ హారా వేషం వేశాడు. యుద్ధ ఖైదీల శిబిరంలో ఖైదీలను బాదే క్రూరుడు, చివర్లో మరణశిక్షకి ఎదురుచూసే మనిషి. జనం ఎలా చూస్తున్నారోనని థియేటర్‌కి వెళ్తే, తెర మీద తన ముఖం పడగానే హాలంతా నవ్విందట. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. టీవీ ఒక నటుడికి చేసే ద్రోహం అంటే అదీ. 1993లో ‘సొనటీన్’ తీస్తే బయటి దేశాలు నెత్తిన పెట్టుకున్నాయి, జపాన్‌లో ఆడలేదు. రాత్రి ఎనిమిదింటికి వెర్రి వేషాలేసిన మనిషిని మర్నాడు హాల్లో ఎవరు సీరియస్‌గా తీసుకుంటారు?

గుంటూరు_గురు:
షోలో దొర చేసిందేముంది బాబూ, కూర్చోవడం తప్ప? కష్టమంతా పోటీదారులను ముందుండి నడిపించే జనరల్‌ది. ఆ జనరల్ పేరు తాని హయాతో. 1968 నుంచి వచ్చిన ‘కీ హంటర్’ అనే యాక్షన్ సీరియల్లో హీరోల్లో ఒకడు. ఆయన గురించి ఒక్కరూ మాట్లాడరు.

స్కిట్_శీను:
నిశాపతి గారూ, సగం కథే చెప్పారు. హాలు నవ్విందని ఆయన టీవీ మానేసి ఇంట్లో కూర్చోలేదు. అదే ఏడాది టీబీఎస్ వాళ్ల డ్రామాలో ఓకుబో కియోషి వేషం వేశాడు. అమ్మాయిలను కారెక్కించుకుని తీసుకెళ్లి చంపిన నిజజీవితపు హంతకుడు అతను. నవ్వించే ముఖాన్ని చూసి జడుసుకునేలా చేసిందీ టీవీయే. సినిమా వాళ్లు ఆ ధైర్యం తర్వాత చేశారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. మెయిజీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ వదిలేసి టోక్యోలోని అసాకుసాలో ఫ్రాన్స్-జా అనే స్ట్రిప్ థియేటర్‌లో లిఫ్ట్ బాయ్‌గా చేరాడు. అక్కడ ఫుకామి సెంజాబురో అనే హాస్యనటుడు గురువు. బట్టలు విప్పే నాట్యాలు చూడటానికి వచ్చినవాళ్లను మధ్యలో స్కిట్‌తో నవ్వించాలి. స్టేజీ మీద అంతకంటే కష్టమైన డ్యూటీ ఉంటుందా? ట్యాప్ డ్యాన్స్ అక్కడే నేర్చాడు. 2003లో ‘జాతోయిచి’ చివర్లో ఊరంతా కలిసి వేసే ట్యాప్ ఆ చదువే. మీరు సినిమా అంటున్నది అసాకుసా సరుకు, టీవీలో సాన పట్టింది.

నిశాపతి:
శీను గారూ, అసాకుసా స్టేజీ కదా, టీవీ కాదు. మీరే నా వైపు వాదిస్తున్నారు.

స్కిట్_శీను:
స్టేజీ మీద నేర్చుకున్నాడు సరే, ఎవరు చూశారు? బీట్ కియోషితో కలిసి ‘టూ బీట్స్’ అని జంట కట్టాడు. ఒకడు తిక్కగా మాట్లాడితే రెండోవాడు సరిదిద్దే మంజాయ్ హాస్యం. 1980లో టీవీలో మంజాయ్‌కి ఊపు రాకపోతే ఆ జంట అసాకుసా సందుల్లోనే ఆగిపోయేది. తర్వాత 1981 నుంచి ఫుజీ టీవీలో ‘ఒరెతాచి హ్యోకిన్‌జోకు’. శనివారం రాత్రి ఎనిమిదింటికి, అదే టైములో టీబీఎస్‌లో డ్రిఫ్టర్స్ అనే హాస్య బృందం షో పాతుకుపోయి ఉంటే దానికి ఎదురుగా వేశారు. పక్కా రిహార్సల్‌తో నడిచే డ్రిఫ్టర్స్ మీద వీళ్లు అప్పటికప్పుడు పుట్టే అల్లరితో గెలిచారు. ఎడిటింగ్‌లో తీసేయాల్సిన తప్పుని ఉంచేసి నవ్వించడం నేర్పింది అదే.

ఇప్పుడు మీ ‘సొనటీన్’ తీసుకోండి. ఒకినావా సముద్రపు ఒడ్డున గూండాలు దాక్కుని ఏం చేస్తారు? కాగితపు బొమ్మలతో సుమో ఆడతారు. తర్వాత బొమ్మల్లాగే వాళ్లే కొట్టుకుంటారు. ఇసుకలో గుంతలు తవ్వి పైన కప్పేసి తోటివాణ్ణి అందులో పడేస్తారు. తారాజువ్వలు ఒకళ్ల మీద ఒకళ్లు వదులుకుంటారు. చావుకి ముందు క్యాజిల్ ఆటలు పెట్టాడండీ మనిషి! పండితులు దాన్ని మృత్యుస్పృహ అంటే నాకు నవ్వొస్తుంది.

పోగో_బ్యాచ్:
గుంతల సంగతి భలే పట్టారు శీను అన్నా. మా తమ్ముడికి ఇది చూపిస్తా.

గుంటూరు_గురు:
క్యాజిల్ షోలో గుంతల్లో పడ్డవాళ్లను ముందుండి నడిపించింది కూడా తాని హయాతోనే.

రాజమండ్రి_రమణి:
ఇంతసేపూ ఒక్కరూ 1986 డిసెంబరు 9 ఊసెత్తలేదు. తెల్లవారుజామున మూడింటికి తకేషి పదకొండు మంది శిష్యులను వెంటేసుకుని టోక్యోలో కోదన్షా ప్రచురణ సంస్థలోని ‘ఫ్రైడే’ వారపత్రిక ఆఫీసుకి వెళ్లి, గొడుగులతో, మంటలార్పే సిలిండర్లతో సిబ్బంది మీద పడ్డాడు. 1987 జూన్‌లో కోర్టు ఆరు నెలల జైలు వేసి, దాన్ని రెండేళ్లు సస్పెండ్ చేసింది. అంటే లోపలికి వెళ్లలేదు. ఆ ఏడాదే మళ్లీ టీవీలో నవ్విస్తున్నాడు. ‘కెరీర్’ అంటే ఇదంతా కలిపి చూడాలి కదా?

స్కిట్_శీను:
మేడమ్, ఎందుకు వెళ్లాడో కూడా రాయండి. ముందురోజు ఆ పత్రిక రిపోర్టర్ ఆయనకి దగ్గరైన ఒక కాలేజీ అమ్మాయి వెంటపడి చెయ్యి పట్టుకుని లాగితే ఆమెకి దెబ్బలు తగిలాయి. కెమెరాలతో ఇళ్ల మీద పడే ఫోటో పత్రికలంటే అప్పటికే జపాన్ జనానికి రోత పుట్టింది. ఆయన చేసింది ఒప్పని నేననను. ఒక్క రాత్రిని పట్టుకుని మొత్తం పనిని తూకం వేయొద్దంటాను.

రాజమండ్రి_రమణి:
అమ్మాయిని లాగినవాడి మీద కేసు పెట్టాలి. ఆ టైముకి డెస్క్‌లో కూర్చుని పేజీలు దిద్దుకునేవాడు ఏం చేశాడు? టూ బీట్స్ రోజుల్లో ఆయన పేల్చిన జోకొకటి జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు: ‘రెడ్ సిగ్నల్ అయినా అందరూ కలిసి దాటితే భయం లేదు’. ఆ రాత్రి పన్నెండు మంది కలిసి దాటారు. అంతే తేడా.

కోనసీమ_కుర్రాడు:
అమ్మో, ఇది గట్టిగా తగిలింది.

నిశాపతి:
రమణి గారు చెప్పింది కూడా నా వాదనకే వస్తుంది. రోజూ టీవీ, రోజూ ఒత్తిడి, చుట్టూ భజన బృందం. మనిషి పిచ్చెక్కకపోతే ఆశ్చర్యం. 1989లో మొదటి సినిమా ‘వయలెంట్ కాప్’ చూడండి. ఫుకాసాకు అనే దర్శకుడు తీయాల్సింది, ఈయన టీవీ షెడ్యూల్‌తో పొసగక తప్పుకున్నాడు, అప్పుడు ఈయనే దర్శకుడయ్యాడు. 1994లో మోటార్‌సైకిల్ ప్రమాదమై ముఖం కుడివైపు చచ్చుబడ్డాక, తీరిక దొరికి బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలే ‘హనా-బి’లో ఉన్నాయి. టీవీ నుంచి దూరం జరిగినప్పుడే ఈయనలో కళాకారుడు బయటికొచ్చాడు.

స్కిట్_శీను:
అయ్యా, ఫుకాసాకు తప్పుకున్నది టీవీ షెడ్యూల్ వల్లే అని మీరే అంటున్నారు. అంటే టీవీ లేకపోతే ఆయన దర్శకుడే అయ్యేవాడు కాదు! ఇక ప్రమాదం సంగతి. ఆస్పత్రి నుంచి బయటికి రాగానే వంకరపోయిన ముఖంతోనే విలేకరుల ముందు కూర్చున్నాడు. సినిమా స్టార్ అయితే నల్లద్దాలు పెట్టుకుని ఏడాది దాక్కునేవాడు. కోలుకున్నాక మళ్లీ టీవీకే వచ్చాడు. 1989లో మొదలైన ‘టీవీ టాకిల్’ అనే చర్చా షో ఏళ్ల తరబడి నడిపాడు. గోల్డెన్ లయన్ వచ్చాక కూడా ‘సెకాయ్ మరుమియే’ షోకి పిచ్చి పిచ్చి వేషాల్లో వచ్చేవాడు. నటించేటప్పుడు బీట్ తకేషి, దర్శకత్వానికి కితానో తకేషి అని రెండు పేర్లు వేసుకుంటాడు. మొదటి పేరు ఎందుకు వదల్లేదంటారు?

నిశాపతి:
డబ్బు కోసం. సినిమాలు ఆడలేదు కదా.

స్కిట్_శీను:
ఇదిగో, అక్కడికే వస్తారని తెలుసు. టీవీ అంటే డబ్బు, సినిమా అంటే కళ. నేను పదేళ్లుగా టీవీకి కామెడీ స్కిట్లు రాస్తున్నాను, వేస్తున్నాను. ఒక సినిమా ఆడిషన్‌కి వెళ్లాను. తండ్రి శవం ముందు కొడుకు మాట్లాడే సీన్. డైలాగ్ మొదలుపెట్టకముందే ‘మీరు టీవీలో రోజూ కనబడతారు కదండీ, మిమ్మల్ని చూస్తే జనం నవ్వేస్తారు’ అని పంపించేశారు. టీ కూడా ఇచ్చారు పాపం. మీరు మొదట రాసిన ఆ హాలు నవ్వు కథ నాకు కథ కాదు సార్.

నిశాపతి:
మీ ఆడిషన్ కష్టానికి నేనేం చేయను? వ్యక్తిగత బాధను సాక్ష్యంగా తెస్తే చర్చ ఎలా జరుగుతుంది?

స్కిట్_శీను:
ఫెస్టివల్ టికెట్లు కొనుక్కుని నాలుగు సినిమాలు చూసి మాకు కళ అంటే ఏంటో చెప్పేవాళ్లతో చర్చ ఎలాగూ జరగదు లెండి.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంకోసారి ఇలా రాస్తే పోస్టులు తీసేస్తాను.

రాజమండ్రి_రమణి:
వ్యక్తిగత బాధ తేకూడదంటే నేనూ తప్పుకోవాలి. అయినా చెప్తాను. నేను ఒక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పనిచేశాను. ఓ రాత్రి పేజీలు పంపే టైముకి ఒక నాయకుడి మనుషులు లోపలికొచ్చి మానిటర్లు పగలగొట్టారు. మా సబ్ ఎడిటర్ చెయ్యి విరిగింది. ఏడాది తిరక్కుండా అదే నాయకుడు మా పత్రిక వేడుకలో వేదిక మీద కూర్చున్నాడు. దండ వేయమని మా సబ్ ఎడిటర్‌నే పిలిచారు. చేతికి కట్టు విప్పారు గానీ పైకెత్తితే ఇంకా నొప్పి. నవ్వుతూ వేశాడు.

అందుకే నాకు మీ టీవీ, సినిమా గొడవ పట్టదు. ఆ దాడి తర్వాత తకేషి తెరకి దూరమైన నెలల్లో క్యాజిల్ షోలో ఏం చేశారో తెలుసా? ఆయన ముఖంతో కాగితపు గుజ్జు తలకాయ చేయించి, అది తగిలించుకున్న మనిషిని పెట్టారు. అంటే ఆ చోటు ఆయన కోసం అలాగే ఉంచారు. శిక్ష పడ్డ మనిషి బొమ్మని చూసి కూడా దేశం నవ్వింది. సినిమా దర్శకుడికి అలా చేస్తారా? టీవీ మనిషి కాబట్టే చేశారు. రోజూ అన్నం తినేటప్పుడు కనబడే ముఖం మీద ఎవరికీ కోపం నిలవదు.

పోగో_బ్యాచ్:
ఆ పెద్ద తలకాయ గుర్తుంది! అదేదో కామెడీ అనుకున్నాం.

స్కిట్_శీను:
మేడమ్, మీ సబ్ ఎడిటర్ గారికి జరిగింది ఘోరం. దాని మీద నేనేమీ అనను. కానీ ఒకటి. మీ నాయకుడు దండ వేయించుకున్నాడు. తకేషి కోర్టుకెళ్లాడు, శిక్ష పడింది, నెలల తరబడి పని పోయింది. రెండూ ఒకటే అంటారా?

రాజమండ్రి_రమణి:
ఒకటి కాదు. కానీ తిరిగొచ్చిన దారి ఒకటే, జనం ముద్దు. ఆ రాత్రి వెంట వెళ్లిన శిష్యుల్లో సొనొమన్మా హిగాషి ఒకడు. 2007లో జపాన్‌లో రాష్ట్రం లాంటి మియాజాకి ప్రిఫెక్చర్‌కి గవర్నర్ అయ్యాడు, సొంత పేరు హిగాషికొకుబరు హిదెయో మీద.

నిశాపతి:
ఇది నాకు తెలియదు. గవర్నరా?

స్కిట్_శీను:
ఎన్నికల్లో గెలిచాడు మేడమ్. జనం ఓటేశారు. ఇరవై ఏళ్లు గడిచాక కూడా మనిషిని ఆ రాత్రికే కట్టేస్తారా? మీ లెక్కన తప్పు చేసిన టీవీ వాడు మళ్లీ ముఖం చూపించకూడదు. అదే సినిమా డైరెక్టర్ సెట్‌లో అసిస్టెంట్‌ని కొడితే ‘ఆయన మేధావి, కోపం ఎక్కువ’ అని సర్దేసుకుంటారు. ఆ సర్దుబాటు మీద మీరెప్పుడైనా ఇంత రాశారా?

రాజమండ్రి_రమణి:
రాశాను, ఇదే ఫోరంలో, వెతకండి. అప్పుడు మీరే నా పోస్టుకి లైక్ కొట్టారు.

ముఖం చూపించొద్దని నేననలేదు. 2019లో జపాన్ జాతీయ చానెల్ ఎన్‌హెచ్‌కే వాళ్ల ‘ఇదాతెన్’ సీరియల్లో, ఒక్కడే కూర్చుని హాస్యకథలు చెప్పే రకుగో విద్వాంసుడు కొకొన్‌తెయ్ షిన్షోగా ఆయన చేసింది నేనూ చూశాను. వేషానికి సరిపోయాడు. చూస్తున్నంతసేపూ బాగుంది, అదే నన్ను విసిగిస్తుంది. మీరు ఆయనని ఎందుకు వెనకేసుకొస్తున్నారో నాకు అర్థమవుతుంది శీను గారూ, మీకు ఆయన దారి కావాలి. నాకు ఆ ఆఫీసులో దెబ్బలు తిన్నవాళ్లు కావాలి. వాళ్ల గురించి మీరు ఇప్పటిదాకా ఒక్క వాక్యం రాయలేదు.

స్కిట్_శీను:
రేపు పొద్దున్నే షూటింగ్ ఉంది. సాయంత్రం రాస్తాను, తప్పించుకోవడం కాదు.

గుంటూరు_గురు:
తాని హయాతో మీద వేరే చర్చ పెడుతున్నా. ఆసక్తి ఉన్నవాళ్లు రండి.