నలభై ఏండ్ల తర్వాత విచారణ న్యాయమేనా?

పాలమూరు పాఠకుడు: కంబోడియాలో లక్షల మందిని బలిగొన్న ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలన 1979 జనవరిలో కూలింది. ఆ నేరాలను విచారించే కోర్టు పని మొదలైంది 2006లో. శిక్ష పడింది ముగ్గురికే. ఆ పాలనలో విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీ విచారణ మధ్యలోనే 2013లో పోయిండు. నిందితురాలైన ఆయన భార్యకు మతిమరుపు జబ్బని ఆమె మీద విచారణే ఆపేసిన్రు. ఇంత ఆలస్యంగా కోర్టు పెట్టి ఏం లాభం? మన చట్టంలో ఉన్నట్టే వీటికీ గడువు ఉండాలె.

దేవరకొండ వకీలు: మన గడువు చిన్న నేరాలకే సార్. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టాలు, పాత సీఆర్‌పీసీ 468, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 514 సెక్షన్లు చూడండి. జరిమానాతో పోయేదానికి 6 నెలలు, ఏడాది లోపు జైలుకు ఏడాది, మూడేండ్ల లోపు జైలుకు మూడేండ్లు. ఆ పైన గడువే లేదు. హత్యకు లేని గడువు మారణహోమానికి ఎట్లా పెడతారు? యుద్ధ నేరాలకు కాలదోషం పట్టదన్న, అంటే గడువు దాటిందని కేసు పోదన్న, 1968 ఐరాస ఒప్పందంలో భారత్ 1971లోనే చేరింది.

అయితే కాలదోషం వేరు, కోర్టు అధికారం మొదలయ్యే తేదీ వేరు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) 2002 జులై 1కి ముందు జరిగినదాన్ని ముట్టుకోదు. రువాండా మారణహోమం మీద ఐరాస పెట్టిన ట్రిబ్యునల్‌కు 1994 ఒక్క ఏడాదే ఇచ్చారు. 1993లో పన్నిన కుట్రను నేపథ్యంగా చూడగలిగింది గానీ దానికే శిక్ష వేయలేకపోయింది. నన్నడిగితే అసలు అన్యాయం ఈ తేదీల కంచెలో ఉంది.

సూర్యాపేట: ఆలస్యం ఎవరిదో కూడా చూడాలె. అర్జెంటీనాలో సైనిక పాలన నాటి నేరాల మీద 1986 చట్టం 60 రోజులే గడువిచ్చింది. ఆలోపు కోర్టుకు పిలవని వాళ్ల మీద కేసులు పోయినట్టే. అది చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2005లో గానీ తేల్చలేదు. మన దగ్గర 1948లో హైదరాబాద్ మీద పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యల మీద కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది పోయిన్రని రాసింది. ఆ నివేదికను దశాబ్దాలు బయటపెట్టలేదు. కాగితం బీరువాలో ఉన్న ఏండ్లను బాధితుల ఖాతాలో రాస్తరా?

పాలమూరు పాఠకుడు: ఆ మాట ఒప్పుకుంట. మరి సాక్ష్యం సంగతేంది వకీలు సాబ్? నలభై ఏండ్లకు మొకం గుర్తుపట్టిన అంటే నమ్మొచ్చా?

దేవరకొండ వకీలు: దాన్నొక్కదాన్నే పట్టుకుని నమ్మకూడదు. డెమ్యాన్యుక్ అనే మనిషిని, నాజీల ట్రెబ్లింకా మరణ శిబిరంలోని క్రూరుడు ఇతనేనని సాక్షులు గుర్తుపట్టారు. ఇజ్రాయెల్ కోర్టు 1988లో ఉరిశిక్ష వేసింది. 1993లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే మనిషికి మ్యూనిక్ కోర్టు 2011లో శిక్ష వేసింది, సోబిబోర్ అనే ఇంకో నాజీ శిబిరంలో కాపలాదారని. ఈసారి ఆధారం ప్రధానంగా గుర్తింపు కార్డు వంటి కాగితాలు.

అందుకే విచారణ ఎప్పుడైనా కానీ, వాంగ్మూలం వెంటనే తీసుకోవాలి. సాక్షి ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరం, వెలుతురు ఎట్లా ఉంది, నిందితుణ్ణి అంతకుముందే ఎరుగునా, అన్నీ రాయాలి. చూసింది వేరు, విన్నది వేరు పెట్టాలి. ఒకరి ఎదుట ఇంకొకర్ని అడగొద్దు. ఊరంతా చెప్పుకున్నాక అందరి జ్ఞాపకం ఒకటే అయిపోతుంది, అడ్డ ప్రశ్నల్లో మొదట విరిగేది అదే. అసలు రికార్డింగ్ కత్తిరించకుండా దాచి, నకలు మీద పని చేయాలి.