డీ4 పేషెంట్‌కి ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, బీపీ... నేను చేయించే ఎక్సర్‌సైజు వల్లనేనా?

ఊరూరా_నల్లగొండ:

అందరికీ నమస్తే. నేను ఊళ్లు తిరిగి దివ్యాంగుల ఇళ్లకు వెళ్లే పునరావాస కార్యకర్తను, ఫిజియోథెరపీ చదవలేదు, ఏడాది కోర్సు మాత్రమే చేశాను. మా దగ్గర ఒక గీత కార్మికుడు ఉన్నాడు, అన్నా అని పిలుస్తాను, 38 ఏళ్లు. ఏడు నెలల కింద మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. రాడ్లు వేశారు, డిశ్చార్జి కాగితంలో డీ4 కంప్లీట్ అని రాశారు, అంటే ఛాతీ వెనక నాలుగో వెన్నుపూస స్థాయిలో వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది. రొమ్ము కింద నుంచి స్పర్శ లేదు, మూత్రానికి ఫోలీ పైపు ఉంది. చేతులు బాగా పనిచేస్తాయి.

రెండు వారాల్లో మూడుసార్లు ఇలా జరిగింది. కాళ్లు వంచి చాపిస్తుంటే ఉన్నట్టుండి "తల పగిలిపోతోంది తమ్మీ" అంటాడు, ముఖం ఎర్రబడుతుంది, మెడ, భుజాలు చెమటతో తడిసిపోతాయి, కాళ్లు మాత్రం చల్లగా ఉండి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. మొన్న బీపీ చూస్తే 168/100. మామూలుగా 100/60 దాటదు. కళ్లు తిరుగుతున్నాయేమో అనుకుని పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టాను, ఇంకా ఎక్కువైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు రోజూ బీపీ మాత్ర వేసుకోమన్నారు. వదిన దిష్టి తీసింది. ఎక్సర్‌సైజులు ఆపేయమంటారా? నా చేతుల్లోనే ఏమన్నా అయితదేమోనని నిద్ర పట్టడం లేదు.

ఫిజియో_వరంగల్:

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తే పడుకోబెట్టొద్దు. వెంటనే లేపి కూర్చోబెట్టండి, కాళ్లు మంచం కిందికి వేలాడేయండి, లుంగీ ముడి, నడుముకున్న బెల్టు, సాక్సులు, ఒంటి మీద బిగుతుగా ఉన్నదల్లా వదులు చేయండి. కూర్చుంటే రక్తం కాళ్లలోకి దిగి బీపీ కొంత తగ్గుతుంది. మీరు కాళ్లు ఎత్తి పెట్టినప్పుడు ఎక్కువైంది అందుకే, తెలియక చేశారు, దానికి బాధపడకండి.

దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. డీ6 గానీ అంతకంటే పైన గానీ దెబ్బ ఉన్నవాళ్లలోనే ఎక్కువగా వస్తుంది. దెబ్బకు కింద ఎక్కడో ఒంటికి పడనిది జరుగుతుంది, ఎక్కువసార్లు మూత్రాశయం నిండిపోవడమే. ఆ కబురు మెదడు దాకా చేరదు కానీ వెన్నుపాము కింది భాగం తనంతట తానే స్పందించి కడుపులోని, కాళ్లలోని రక్తనాళాలను బిగించేస్తుంది. దాంతో బీపీ ఎగబాకుతుంది. మెదడు అది పసిగట్టి తగ్గించబోతుంది, గుండె వేగం తగ్గిస్తుంది, పై భాగంలో నాళాలను వదులు చేస్తుంది, కానీ దాని ఆజ్ఞ దెబ్బ దాటి కిందికి పోదు. అందుకే పైన ఎర్రగా చెమటలు, కింద చల్లగా. మీరు చూసింది అచ్చంగా అదే.

ఇంకో సంగతి, 168ని మామూలు మనిషి లెక్కలో చూడకండి. ఇలాంటివాళ్లకు మామూలుగా ఉండే పై బీపీ మీద 20 నుంచి 40 పెరిగినా అనుమానించాలి, మీ అన్నకు 68 పెరిగింది. వదిలేస్తే ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. మూత్రాశయం నిండితే ఇలా అవుతుందని ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి డాక్టర్ గుట్‌మన్ 1947లోనే వివరించాడు. నేను చదువుకున్నప్పుడు మాత్రం ఏ కండరానికి ఏ ఎక్సర్‌సైజో నెలల తరబడి చెప్పారు, దీని గురించి ఒక్క క్లాసులో ముగించేశారు. నాకు ఇప్పటికీ కోపమే.

కాలు వంచేటప్పుడు పైపు తొడ కింద నలుగుతోందేమో చూశారా?

స్టాఫ్‌నర్స్_గుంటూరు:

నేను కూడా పైపు దగ్గరే మొదలుపెట్టమంటాను. బ్యాగ్ నుంచి పైదాకా చేత్తో తడిమి చూడండి, ఎక్కడన్నా మెలిక పడిందా, బ్యాగ్ నిండిపోయిందా, మూత్రాశయం కంటే ఎత్తులో తగిలించారా. అన్నీ సరిగ్గా ఉన్నా మూత్రం దిగడం లేదంటే లోపల గార పట్టి మూసుకుపోయిందన్నమాట, పైపు మార్చాలి. గబగబా సెలైన్ ఎక్కించి కడగొద్దు, దానికే బీపీ ఇంకా పెరుగుతుంది. తర్వాత మోషన్ ఎన్నాళ్లయింది అని అడగండి. లోపల గట్టిపడి ఉంటే వేలితో తీసే ముందు మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్లీ రాసి కొన్ని నిమిషాలు ఆగాలి, బీపీ ఎక్కువున్నప్పుడు ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు. కారణం దొరికి తీసేసినా తగ్గకపోతే, లేదా అసలు కారణమే దొరకకపోతే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారిలో కూడా కూర్చోబెట్టే ఉంచండి, రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూడండి.

మాత్ర సంగతి. మామూలుగా 100 ఉండే మనిషికి రోజూ బీపీ మాత్ర వేస్తే కూర్చోబెట్టగానే కళ్లు తిరిగి పడిపోతాడు. కానీ మీరే ఆపించొద్దు. మామూలు రోజు బీపీ, తలనొప్పి వచ్చినప్పటి బీపీ టైముతో సహా రాసుకుని ఈ వారంలోనే ఎండీ డాక్టర్‌కో, ఫిజికల్ మెడిసిన్ డాక్టర్‌కో చూపించండి.

చేతులు బాగున్నాయి అన్నారు కదా, ఫోలీ బదులు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తనే సన్నటి పైపు వేసుకుని మూత్రం తీసుకోవచ్చేమో యూరాలజిస్టును అడగండి. సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కుంటే చాలు, 1972 నుంచీ ఈ పద్ధతి ఉంది. ఒక్కసారికి 500 మి.లీ. దాటకుండా చూసుకోవాలి, అంతే.

వీల్‌చైర్_ఖమ్మం:

నాది డీ3, 2011లో యాక్సిడెంట్. నాకు ఒకసారి కాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగి ఇలా అయింది, ఇంకోసారి ప్యాంటు కుట్టు మీద గంటల తరబడి కూర్చున్నందుకు. ఒక ఆస్పత్రిలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి తలనొప్పి ఇంజెక్షన్ వేశారు, నేను లేపండి లేపండి అని అరుస్తున్నా వినలేదు. అప్పటి నుంచి జేబులో కాగితం పెట్టుకుంటున్నాను: నా మామూలు బీపీ ఎంత, నన్ను కూర్చోబెట్టండి, పైపు చూడండి అని.

తమ్ముడూ, ఇదంతా నువ్వు నేర్చుకుంటే సరిపోదు, ఆ అన్నకు, వదినకు నేర్పించు. నువ్వు వారానికి ఒకసారి వెళ్తావు, ఇది రాత్రి రెండింటికి వస్తుంది. "నీకు కింద నొప్పి తెలియదు కదా" అని అందరూ అంటారు, కానీ ఆ తలనొప్పి, ఆ చెమటే నొప్పి అని నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఊరూరా_నల్లగొండ:

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఈరోజు వెళ్లి చూశాను, పైపు తొడ కింద నుంచి పోతోంది, కాలు వంచగానే నలుగుతోంది. మోషన్ అయి ఐదు రోజులైందట, అడిగే దాకా సిగ్గుపడి చెప్పలేదు. పైపును తొడ మీదుగా తిప్పి ప్లాస్టర్ వేశాను, బ్యాగ్ కిందికి కట్టాను, కాలు మెల్లగా వంచితే ఈసారి 106/64. రేపు ఉదయం మోషన్ కోసం, మాత్ర గురించి అడగడానికి ఆటోలో జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. కాగితం రాసి వదినకు చదివి వినిపించాను, దిండు కింద పెట్టుకుంది.

ఒకటి అడగాలి. వెతుకుతుంటే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపించింది, పొడిగా ఉంది, వాసన లేదు. నూనె రాసి మర్దన చేయనా?

స్టాఫ్‌నర్స్_గుంటూరు:

వద్దు, రుద్దొద్దు, గీకొద్దు. అది ఒత్తిడి పుండే, పైకి చిన్నగా కనిపించినా లోపల ఎంత లోతుందో తెలియదు. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకు తగలకుండా గాల్లో ఉంచండి, ఈ రాత్రి నుంచే. రేపు ఎలాగూ వెళ్తున్నారు, సర్జన్‌కు చూపించండి. తుంటి ఎముకల దగ్గర, పిరుదుల మధ్య కూడా టార్చ్ వేసి చూసి ఇక్కడ రాయండి.