చిన్న స్టేషన్లలో బండి ఆపడం ఇంకా అవసరమా?

బెజవాడ పాసింజర్:
తిట్టుకోకుండా మాట్లాడుకుందాం. తెనాలి నుంచి ఒంగోలు దాకా బాపట్ల, చీరాల పోను మధ్యలో స్టువర్టుపురం, కడవకుదురు, ఉప్పుగుండూరు, కరవది లాంటివి ఎన్ని స్టేషన్లో! 1899లో ఈ లైను పూర్తయినప్పుడు బస్సు అనేదే లేదు. ఇప్పుడు 216 జాతీయ రహదారి ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ఈ రైలు దారిలో గంటకి 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఇచ్చారు. మూడో లైను పని కూడా మొదలుపెట్టారు. నలుగురు ఎక్కే చోట బండి ఆపడం దేనికి?

కేబిన్ దీపం:
ముప్పై ఏళ్లు రైల్వేలో సిగ్నళ్లిచ్చి బండ్లు వదిలే పనే చేసి రిటైరైనవాణ్ణి. స్టేషన్ వేరు, బండి ఆగడం వేరు. మీరు రెండూ కలిపేశారు. గూడ్సుని లూప్‌లో, అంటే స్టేషన్లో మెయిన్ లైను పక్కనుండే పట్టాల మీద పెట్టి వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌ని వదలాలంటే మధ్యలో స్టేషన్ ఉండాల్సిందే. ఆటోమేటిక్ సిగ్నళ్లు లేని చోట రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక్క బండికే అనుమతి. మధ్య స్టేషన్ ఎత్తేస్తే ఆ దూరం పెరుగుతుంది, వెనక బండి అంతసేపూ సిగ్నల్ దగ్గర పడిగాపులు కాయాలి. మీ 130 వేగం నిలబడేది ఆ పాత స్టేషన్ల మీదే. హాల్ట్ సంగతి వేరు. అక్కడ లూపూ ఉండదు, సిగ్నలూ ఉండదు, కమీషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు ఉంటాడంతే. మీ వాదన హాల్ట్‌ల వరకైతే కొంత నిలుస్తుంది.

బెజవాడ పాసింజర్:
సరే మాస్టారూ, స్టేషన్ ఉండనివ్వండి. జనాన్ని ఎక్కించుకోవడం ఎందుకు? ఆగేది నిమిషమే కానీ, వేగం తగ్గించి మళ్లీ అందుకునేసరికి ఇంకో రెండు మూడు నిమిషాలు పోతాయి. టికెట్ల అమ్మకం చూస్తే ఆ ఖర్చయినా రాదు.

కొటార్ల అబ్బాయి:
మాది చీరాల, ఒంగోలు మధ్య సముద్రం వైపు ఊరు. పేరు రాయను, రాస్తే కౌంటర్లో ఆయనకి నేనెవరో తెలిసిపోతుంది. బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో పని. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కదా, రోజూ దాని మీదే వచ్చిపోతాను. ఆ సీజన్ ఎక్కడ తీసుకుంటాను? బెజవాడలో, రాత్రి కొట్టు కట్టేశాక. మా స్టేషన్లో బండెక్కేసరికి కౌంటర్ దగ్గర నిలబడే తీరిక ఉండదు. ఇక తిరుగు టికెట్లంటారా, చీరాల వెళ్లొచ్చే మా అమ్మ అక్కడే కొంటుంది. మా స్టేషన్ అమ్మకాలు చూసి మా ఊరి అవసరం ఎంతో చెప్పేస్తే ఎలాగండీ?

ఇంకోటి. 2020లో కరోనాకి బండ్లన్నీ ఆగాయి. మళ్లీ వచ్చేసరికి పాసింజర్లు కాస్తా స్పెషల్ అయ్యాయి, పది రూపాయల టికెట్టు ముప్పై అయింది. మళ్లీ పది చేసింది 2024 ఫిబ్రవరి చివర్లో. ఈలోపు చేపల గంపల వాళ్లు ఆటోలకి అలవాటు పడిపోయారు. ఇప్పుడేమో ఎక్కేవాళ్లు లేరంటున్నారు. కాళ్లు కట్టేసి నడవడం లేదేం అని అడిగినట్టుంది!

అరండల్‌పేట:
2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్టు ఉచితం. మీ అమ్మగారు రైలెందుకు ఎక్కుతారు?

కొటార్ల అబ్బాయి:
ఒట్టి చేతులతో వెళ్లేటప్పుడు బస్సే ఎక్కుతుంది, కాదనను. రొయ్యల గంప ఉంటే కండక్టరు ఎక్కనివ్వడు, పక్కన కూర్చున్నవాళ్లు అసలే ఊరుకోరు. మెమూలో, అదే విడిగా ఇంజను లేని కరెంటు పాసింజర్లో, తలుపు దగ్గర పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు.

కేబిన్ దీపం:
నిమిషాల సంగతికి ఒక మాట. మెమూ వేగం త్వరగా అందుకుంటుంది, ఇంజను కట్టిన బండిలా కాదు. పైగా 2023 సెప్టెంబరులో విజయవాడ, చెన్నై మధ్య వందే భారత్ వచ్చింది. అలాంటిది వెనక వస్తోందంటే పాసింజర్‌ని ఏదో ఒక లూప్‌లో పెట్టక తప్పదు. ఎలాగూ పెట్టేటప్పుడు, ప్లాట్‌ఫాం ఉండి జనం ఎక్కే చోట పెడితే పోయేదేమిటి? ప్రతి బండీ ఆపమని నేనూ అనను. పనికెళ్లే వేళ ఒకటి, పనయ్యాక ఒకటి ఆగితే చాలు. మధ్యాహ్నం రెండింటికి ఖాళీ బండి ఆపి, ఎవరూ ఎక్కలేదని రాసుకుంటే ఆ లెక్కకి అర్థం లేదు.

బెజవాడ పాసింజర్:
ఎక్స్‌ప్రెస్‌ల విషయంలో నా మాట మారదు. మెమూల వరకు ఒప్పుకుంటున్నా. అబ్బాయీ, మీ ఉదయం బండికి ఎంతమంది ఎక్కుతారో ఓ వారం లెక్క రాయగలవా?

కొటార్ల అబ్బాయి:
రాస్తాను. ఆదివారం మాత్రం వదిలేస్తాను, ఆ రోజు నేనే బండెక్కను.