నలుగురికి క్రిస్మస్ డిన్నర్, సింపుల్‌గా ఎలా?

ప్రశ్న: ఈసారి మేం నలుగురమే, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. సాయంత్రమంతా వంటింట్లోనే ఉండిపోకుండా, అలాగని పండగ వెలితిగా అనిపించకుండా ఏం చేయొచ్చు? ఓవెన్ ఉంది.

జవాబు: టర్కీ జోలికి వెళ్లకండి, నలుగురికి చాలా ఎక్కువ. కిలోన్నర కోడిని మొత్తంగా రోస్ట్ చేయండి, అదే ట్రేలో చుట్టూ బంగాళాదుంపలు, క్యారెట్లు వేసేస్తే ఇంకో కూర అక్కర్లేదు. 190 డిగ్రీల్లో సుమారు గంటన్నర. తొడ లోపల వేడి 74 డిగ్రీలు దాటాలి, థర్మామీటర్‌తో చూడండి. తీశాక పావుగంట ఆగి కోయండి.

ఇంకో జవాబు: ఫ్రోజెన్ కోడి అయితే ముందురోజే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, బయట మాత్రం వదిలేయొద్దు. ఎండుపండ్ల కేక్ కూడా ముందే చేసేసుకోవచ్చు, నాలుగు రోజులు ఆగితే ఇంకా బాగుంటుంది.

అడిగినవారు: థాంక్సండీ, సగం టెన్షన్ తగ్గింది. పిల్లలు కారం తినరు, మరి మసాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు: వెన్న, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం చాలండీ.