కారణాంకాలు చూపించకుండా "ఇది ప్రధాన సంఖ్య కాదు" అంటే ఒప్పుకోవాలా?

సున్నా_బాబు:
2 ఘాతం 67లోంచి ఒకటి తీసేస్తే 147573952589676412927 వస్తుంది. 1644లో ఫ్రెంచ్ గణితవేత్త మెర్సెన్ దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు. 1876లో మరో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ కాదన్నాడు గానీ, దేంతో భాగం పోతుందో మాత్రం చెప్పలేదు. 1903లో అమెరికా గణితవేత్త కోల్ వచ్చి 193707721 × 761838257287 అని తేల్చాడు. నన్నడిగితే కోల్ వచ్చేదాకా విషయం తేలనట్టే. దొంగను చూపించకుండా దొంగతనం జరిగిందంటే ఎలా?

లెక్కల_టీచరు:
బీరువా తాళం పగిలి ఉంటే దొంగ దొరక్కపోయినా దొంగతనమే కదండీ! చిన్న సంఖ్య మీద చూడండి. 2 ఘాతం 11లోంచి ఒకటి తీస్తే 2047. ముందు 4 వేసుకోండి. వర్గం చేసి 2 తీసేయండి, 2047 దాటితే భాగించి శేషం మాత్రం ఉంచుకోండి. ఘాతం 11 కాబట్టి ఇలా 9 సార్లు చేయాలి: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర సున్నా వస్తేనే ప్రధాన సంఖ్య. 1736 వచ్చింది, కాబట్టి కాదు. 2047 అంటే 23 × 89 అని మనకు తెలుసు. కానీ ఈ లెక్కలో 23 గానీ 89 గానీ ఎక్కడైనా అవసరమయ్యాయా? లూకాస్ పద్ధతిని తర్వాత లెహ్మర్ సాపు చేసిన రూపమిది.

సున్నా_బాబు:
బాగుంది మాస్టారూ. కానీ మధ్యలో ఒక్క అంకె తప్పు వేసినా చివర సున్నా రాదు కదా! నిజంగా ప్రధాన సంఖ్యే అయినా "కాదు" అని వచ్చేస్తుంది. అప్పట్లో అంతా చేతి లెక్క. కోల్‌ది ఒకే ఒక్క గుణకారం, ఎవరైనా కూర్చుని సరిచూసుకోవచ్చు. న్యూయార్క్‌లో గణితవేత్తల సభలో ఆయన నోరు మెదపకుండా బోర్డు మీద ఆ గుణకారం వేసి వెళ్లి కూర్చున్నాడని చెబుతారు.

నైట్_డ్యూటీ:
పాయింటే. ఇప్పుడు కంప్యూటర్లతో మెర్సెన్ ప్రధాన సంఖ్యలు (2 ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే ప్రధాన సంఖ్యలు) వెతికేవాళ్లకూ ఇదే టెన్షన్. అందుకే ఒక మెషీన్‌లో వచ్చిన శేషాన్ని ఇంకో మెషీన్‌లో మళ్లీ లెక్క చేసి పోల్చేవాళ్లు. అయితే బాబూ, అది లెక్క చేసేవాడి తప్పు. సిద్ధాంతానికి లోటేముంది?

పాత_బెంచి:
2002లో ఐఐటీ కాన్పూర్‌లో అగ్రవాల్, కయాల్, సక్సేనా ఇచ్చిన పద్ధతి కూడా కారణాంకాల జోలికి పోదు. ప్రధానమా కాదా అన్నది త్వరగా తేలుతుంది, విడగొట్టడమే కష్టం. ఈ తేడా మీదే కదా ఆర్‌ఎస్‌ఏ (కంప్యూటర్లలో సమాచారాన్ని ఇతరులు చదవకుండా దాచే పద్ధతి) రహస్య సంకేతాలు నడిచేది.

లెక్కల_టీచరు:
సున్నాబాబు గారూ, ఇంకొకటి. 2 ఘాతం 1277లోంచి ఒకటి తీస్తే 385 అంకెల సంఖ్య. ప్రధానం కాదని ఎప్పుడో తేలింది. ఒక్క కారణాంకం కూడా ఇంతవరకు దొరకలేదు. మీ లెక్కన దాన్ని ఏమనాలి?

సున్నా_బాబు:
ప్రధానం కాదనే అంటాను, సరేనా! కానీ కారణాంకం బాకీ ఉన్నట్టే రాసుకుంటాను. కోల్ సంఖ్యలు రెంటినీ 134తో భాగిస్తే 1 మిగులుతుంది, అంటే 67కు రెట్టింపుతో. అలాగే దీని కారణాంకం ఏదైనా సరే, 2554తో భాగిస్తే 1 మిగలాల్సిందే. వెతికేవాళ్లకు ఇంత ఆనవాలు ఉండీ దొరకలేదంటే అది ఎంత పెద్దదో మరి.