ఈ పాటలో వాళ్లకి పెళ్లయిందా, లేదా?

మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. వచ్చే ఆదివారం నాన్నగారికి అరవై నాలుగు నిండుతాయి. ఆ రోజు ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ వాళ్ల 1967 నాటి పాట ‘వెన్ అయామ్ సిక్స్టీ ఫోర్’ పెడదామని తమ్ముడి పట్టుదల. దాని అర్థం అమ్మకి తెలుగులో చెప్పే పని నా నెత్తిన పడింది.

అరవై నాలుగేళ్లొచ్చినా నేను నీకు కావాలా, అన్నం పెడతావా అని పాటలో అతను ఆమెని అడుగుతాడు. ఫ్యూజు పోతే బాగుచేస్తానంటాడు. నువ్వు చలిమంట పక్కన స్వెట్టర్ అల్లుకో అంటాడు (మా ఉక్కపోతలో అమ్మకి స్వెట్టరేమిటో!). మనవల పేర్లు కూడా వచ్చేస్తాయి. సరే, ముసలి దంపతులే అనుకున్నాను. తీరా చివర్లో జవాబు రాయి, ఫారం నింపు అంటాడు! అంటే ఇంకా పెళ్లే కాలేదా? బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్నీ ఈ ట్యూన్ టీనేజ్‌లోనే కట్టాడు, అందుకే నాకీ అనుమానం.

ఇంకోటి, అన్నం పెడతావా అన్నచోట వచ్చే ‘ఫీడ్’ అన్న మాట. వండిపెట్టడమా, పోషించడమా? మా ఇంట్లో నాన్నగారికి చూపు సరిగ్గా ఆనదు. అమ్మ చేపముక్కలో ముళ్లు వేలితో తడిమి ఒక్కొక్కటీ తీసి, ఆయన కంచంలో వేస్తుంది. అయినా కరెంటు పోతే ఫ్యూజు తీగ మార్చేది ఆయనే. టార్చి పట్టుకుని తిట్టేది అమ్మ. అమ్మ అలా ముళ్లు తీసి పెట్టే పనికి సరిపోయే ఒక్క తెలుగు మాట దొరకడం లేదు.

ఇది పెళ్లిచూపుల పాటా, కాపురం పాటా? తెలిసినవాళ్లు శనివారం లోపు చెప్పండి, ప్లీజ్.