అమ్మానాన్నలకు లండన్ చూపించడానికి ఏ బస్సు టికెట్టు కొనాలి?

రెడింగ్ నుంచి ప్రశ్న

నమస్కారం అండీ. యూకే వచ్చి నెల అవుతోంది. ఆగస్టులో అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. ఒక శని, ఆదివారాలు లండన్‌లోనే ఉండి తిప్పుదామనుకుంటున్నాం. మాతో ఏడేళ్ల పాప ఉంటుంది, నాన్నకు మోకాళ్ల నొప్పులు. హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సుల్లో (ఒకే టికెట్టుతో నచ్చిన చోట దిగి మళ్లీ ఎక్కే టూరిస్టు బస్సులు) బిగ్ బస్, టూట్‌బస్, గోల్డెన్ టూర్స్ కనిపించాయి. వాటిలో మళ్లీ 1 డే, 24 అవర్స్, 48 అవర్స్ అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

ఈస్ట్ హామ్ నుంచి

తమ్ముడూ, కంపెనీ సంగతి తర్వాత చూద్దాం, ముందు టికెట్టు మీది మాట చదువు. ‘24 అవర్స్’ అని ఉంటే మొదటిసారి బస్సెక్కి స్కాన్ చేయించిన క్షణం నుంచి లెక్క. శనివారం మధ్యాహ్నం 1 గంటకు ఎక్కితే ఆదివారం 1 గంట దాకా నడుస్తుంది. ‘1 డే’ అని ఉంటే చాలావరకు ఆ రోజుతోనే సరి. మధ్యాహ్నం మొదలుపెట్టినవాళ్లకు దక్కేది నాలుగైదు గంటలే, ఎందుకంటే ఈ బస్సులు సాయంత్రం పెందలాడే ఆగిపోతాయి. కాబట్టి 24 గంటల టికెట్టు కొని శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టు. రెండు రోజులూ సగం సగం వాడుకోవచ్చు, 48 గంటలది అక్కర్లేదు.

కొత్తవాళ్లు చూసుకోనిది ఇంకొకటుంది. ఈ బస్సు రూటు గుండ్రంగా, ఒకే దిక్కున తిరుగుతుంది. నువ్వెక్కిన బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ కేథడ్రల్ మీదుగా టవర్ ఆఫ్ లండన్ వైపు వెళ్లేదనుకో. సెయింట్ పాల్స్‌లో దిగి మళ్లీ ట్రఫాల్గర్‌కి రావాలంటే వెనక్కి వచ్చే బస్సుండదు. టవర్ బ్రిడ్జి దాటి, నదికి అవతలి ఒడ్డున అంతా తిరిగి రావాలి. మొత్తం చుట్టు ట్రాఫిక్ బాగున్న రోజే రెండు గంటల పైమాట. అందుకే దీన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే వాహనంలా వాడకు. మొదట ఎక్కడా దిగకుండా ఒక పూర్తి చుట్టు కూర్చుని చూపించు. అమ్మానాన్నకు ఏది ఎక్కడుందో తెలుస్తుంది, నడకా ఉండదు. దిగి చూసే చోట్లు రెండు మూడుకు మించి పెట్టుకోవద్దు.

టికెట్టు కంపెనీ సైటులోనే ముందుగా కొను, రోడ్డు పక్క అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువ పడుతుంది. తేదీ మార్చుకోవచ్చో లేదో చూసి కొను. వానలో పై డెక్కు మీద కూర్చోలేరు.

హౌన్‌స్లో నుంచి

అసలు ఆ టికెట్టు అవసరమా అని కూడా ఒకసారి లెక్క వేసుకోండి. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 30 పౌండ్లు దాటుతుంది. నలుగురు పెద్దలంటే 120 పైనే, పాపది వేరే. లండన్ ఎర్ర బస్సు 2025 రేట్లలో ఒకసారి ఎక్కితే 1.75 పౌండ్లు. మొదటి ట్యాప్ (మెషిన్‌కి కార్డు తాకించడం) నుంచి గంటలోపు ఇంకో బస్సెక్కితే దానికి పడదు. రోజంతా ఎన్ని బస్సులెక్కినా 5.25 దాటదు. నలుగురికి రోజుకు 21 పౌండ్లు. పదకొండేళ్లలోపు పిల్లలకు బస్సులో టికెట్టే లేదు.

15 నంబరు టవర్ దగ్గర ఎక్కితే సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ మీదుగా ట్రఫాల్గర్ దగ్గరికి తెస్తుంది. అక్కడి నుంచి 9 నంబరులో పికాడిలీ, హైడ్ పార్క్ కార్నర్, ఆల్బర్ట్ హాల్ చూస్తూ కెన్సింగ్టన్ వెళ్లొచ్చు. 24 అయితే వైట్‌హాల్ మీదుగా పార్లమెంటు ముందుకు తీసుకెళ్తుంది. పాత గైడుల్లో 11 ఎక్కండి, సెయింట్ పాల్స్ వెళ్తుంది అని ఉంటుంది. అది నమ్మకండి. 2023లో ఆ రూటు మార్చారు, ఇప్పుడది వాటర్లూకి పోతుంది.

తప్పులు జరిగేది ట్యాప్ దగ్గరే. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో నలుగురిని ఎక్కించలేరు. ఉదయం కార్డు, సాయంత్రం ఫోనులో అదే కార్డు వాడితే సిస్టమ్‌కి అవి రెండు వేర్వేరు, రోజు పరిమితి కలవదు. బస్సులో డబ్బు తీసుకోరు. ఇండియా కార్డు తెస్తుంటే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసి రమ్మనండి, లేకపోతే మెషిన్ దగ్గర ఎర్ర లైటే. ఆయిస్టర్ అంటే ముందే డబ్బు వేసుకునే లండన్ ప్రయాణ కార్డు. రైల్లో రెడింగ్ దాకా అది పనిచెయ్యదు, వెస్ట్ డ్రేటన్‌తో ఆగిపోతుంది. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు మాత్రం రెడింగ్ దాకా పనిచేస్తుంది.

రెడింగ్ నుంచి

చాలా థాంక్స్ అండీ. అమ్మ కోహినూర్ చూడాలంటోంది. బస్సు, బోటు కలిపిన టికెట్టు లాభమా? నాన్నకు పై డెక్కు ఎక్కడం ఎలా?

హారో నుంచి

కోహినూర్ టవర్ ఆఫ్ లండన్‌లో జ్యువెల్ హౌస్‌లో ఉంది బాబూ, క్వీన్ మదర్ కిరీటంలో. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే రాయి కదా, చూపించి తీరాలి. టవర్ తెరవగానే నేరుగా అక్కడికే వెళ్లండి, పదకొండయ్యేసరికి లైను పెద్దదైపోతుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. నాన్నగారిని వైట్ టవర్ ఎక్కించకండి, మెట్లు మరీ ఎక్కువ. బయటంతా రాళ్లు పరిచిన నేల, మెత్తటి బూట్లు వేయించండి.

బోటు కలిసిన టికెట్టులో ముందు రెండు చూసుకోవాలి. ఒకవైపేనా, రానూపోనూ రెండూనా? ఏ రేవు నుంచి ఏ రేవుకి? టవర్ రేవు టవర్ బ్రిడ్జికి ఇవతల, వెస్ట్‌మినిస్టర్ వైపే ఉంది. అందుకని టవర్ నుంచి వెస్ట్‌మినిస్టర్ వచ్చే బోటు ఆ బ్రిడ్జి కింద నుంచి పోదు. అలా వెళ్లాలంటే గ్రీనిచ్ దాకా ఉన్న టికెట్టు కావాలి. లండన్ పాస్ (చాలా చోట్లకు కలిపి ఒకే టికెట్టు) కొంటుంటే మాత్రం ఏమేం కలిపారో చూడండి, బస్సు అందులోనే ఉంటుంది, విడిగా కొని రెండుసార్లు కట్టకండి.

పై డెక్కుకి మెట్లు నిటారుగా, మలుపుతో ఉంటాయి. బస్సు కదిలాక ఎక్కడం, ఆగకముందే దిగడం రెండూ వద్దు. నాన్నగారు ఎక్కలేకపోతే కింద కూర్చోవచ్చు గానీ సగమే కనిపిస్తుంది. ఆయన పరిస్థితి అదే అయితే హౌన్‌స్లో వారు చెప్పిన ఎర్ర బస్సే మేలు, డబ్బు దండగ ఉండదు. ఓపెన్ టాప్ మీద ఆగస్టులో కూడా బ్రిడ్జి దాటేటప్పుడు చలిగాలి కొడుతుంది, అమ్మకు స్కార్ఫ్, ఆయనకు మంకీ క్యాప్ పెట్టుకోండి.

బస్సులో టాయిలెట్ ఉండదు. ట్రఫాల్గర్ దగ్గర నేషనల్ గ్యాలరీ, బ్లూమ్స్‌బరీలో బ్రిటిష్ మ్యూజియం రెండింటికీ ప్రవేశం ఉచితం, ఆ అవసరం అక్కడ తీరిపోతుంది. బ్రిటిష్ మ్యూజియంకి వెళ్తే 33ఎ గది తప్పకుండా చూడండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే ఉన్నాయి, విజయవాడ వాళ్లకు ఊరి పక్కవే. 24 నంబరులో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దగ్గర దిగితే కొద్ది నడకే.

ఈస్ట్ హామ్ నుంచి

ఇంకొక్క మాట తమ్ముడూ. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర సైనికుల కాపలా మార్పిడి మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో 11 గంటలకు ఉంటుంది, శనివారం ఉండదు. ఆ సమయానికి ప్యాలెస్ చుట్టూ రోడ్లు మూసేస్తారు. బస్సు గేటు దాకా పోతుందని కూర్చోవద్దు. విక్టోరియా దగ్గర దిగి నడవండి, నాన్నగారితో అయితే పావుగంట వేసుకో. ఆగస్టు చివరి బ్యాంక్ హాలిడే ఆది, సోమవారాల్లో నాటింగ్ హిల్ కార్నివాల్ ఉంటుంది, ఆ వైపు వెళ్లే బస్సులు దారి మారతాయి. మీ తేదీ అదే అయితే వారం ముందుకో వెనక్కో జరుపుకోండి.